వంటావార్పులో ఉబ్బిన డబ్బాలు

2011 జూన్‌లో నేను నగరపాలక సంస్థ తూర్పు ప్రాంతంలో ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా, ఇటు కర్మన్‌ఘాట్ లోపలి బస్తీలతో కలిపి, నా పరిధి. ఆహార సాంకేతిక శాస్త్రంలో డిగ్రీ చేసి ఉద్యోగంలో చేరి అప్పటికి ఐదేళ్ళు. నాకు పై అధికారి సహాయ వైద్యాధికారి. ఒక శనివారం ఆయన ఫోన్ చేసి, మర్నాడు కొత్తపేట దగ్గర విజయవాడ రోడ్డు మీద వంటావార్పు ఉందని, వెళ్ళి తిండి, నీళ్ళు చూసుకోమని చెప్పారు. "ఒక్కనికి కూడ వాంతులు, విరేచనాలు కావొద్దు. అయినయంటే మన మీదికే వస్తది," అన్నారు. రాతపూర్వకంగా ఉత్తర్వు ఇమ్మని అడిగాను. ఆయన నవ్వి ఫోన్ పెట్టేశారు.

వంటావార్పు అంటే ఆ రోజుల్లో తెలంగాణ ఉద్యమంలో ఒక పద్ధతి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు వేసి తినడం. రాస్తారోకోలో వచ్చిన వాళ్ళు గంటకో రెండు గంటలకో లేచి పోతారు. అన్నం ఉడుకుతుంటే ఎవరూ లేవరు. పోలీసులకు కూడా ఉడుకుతున్న గంజును పక్కకు జరపడం ఇబ్బందే. సామాన్లు కాలనీల నుంచి వచ్చేవి. ఒకరు బియ్యం, ఒకరు నూనె, ఒకరు గ్యాసు పొయ్యిలు. ఎవరు ఏమిచ్చారో మైకులో పేరు పెట్టి చదివేవారు. అది మర్యాద. పేరు వినిపించకపోతే ఇచ్చినవాడు నొచ్చుకునేవాడు.

నేను పొద్దున్నే చేరాను. పండ్ల మార్కెట్ వైపు నుంచి లారీలు ఆగిపోయి ఉన్నాయి, మామిడి వాసన రోడ్డంతా పరుచుకుని ఉంది. మైకు ముందు నిలబడ్డది యాదగిరి సార్. ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారు, ఆ కాలనీల ఐక్య కార్యాచరణ కమిటీకి కన్వీనర్. ఆయన పేర్లు చదువుతూ, "ఎల్బీనగర్ కిరాణా రత్నంగారు, బఠానీ డబ్బాలు, ఆరు పెట్టెలు! ఆంధ్ర సోదరులు సుత మనతోనే ఉన్నరు, చప్పట్లు కొట్టుండ్రి!" అన్నారు. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. రత్నంగారిది తెనాలి వైపు. ఇరవై ఏళ్ళుగా ఎల్బీనగర్‌లో హోటళ్ళకు, వంట మేస్త్రీలకు సరుకు వేసే వ్యాపారి. ఆయన ఇష్టంతో ఇచ్చారా, ఇవ్వకపోతే బాగుండదని ఇచ్చారా అన్నది నాకు తెలియదు. రెండూ కలిసే ఉంటాయని అనుకున్నాను.

నా పద్ధతి ప్రకారం ముందు నీళ్ళ ట్యాంకర్, తర్వాత నూనె, తర్వాత పప్పు, చివర డబ్బాలు చూశాను. డబ్బా సరుకు చూడటానికి కన్ను, బొటనవేలు చాలు. బాగున్న డబ్బాకు పైమూత, కిందిమూత రెండూ లోపలికి కొంచెం గుంటపడి ఉంటాయి. లోపల గాలి తీసేసి మూస్తారు కాబట్టి. పాడవడం మొదలైతే లోపల వాయువు పుట్టి మూత పైకి లేస్తుంది. మొదట వేలితో నొక్కితే టక్కున లోపలికి పోయి మళ్ళీ బయటికి వస్తుంది. ముదిరితే ఎంత నొక్కినా దిగదు. మూడు కిలోలు పట్టే పెద్ద డబ్బాలవి, బగారా అన్నంలోకి తెచ్చినవి. మొదటి పెట్టెలో నేను తీసిన మొదటి డబ్బాయే రెండు వైపులా ఉబ్బి, నేల మీద నిలబెడితే ఊగింది.

అప్పటికే వంట మేస్త్రీ మూడు డబ్బాలు కోసి, బఠానీలు ఒక పళ్ళెంలో పోసి పెట్టాడు. ఒకటి కోసినప్పుడు బుస్సుమని చిమ్మిందట, అతని అంగీ మీద మరకలున్నాయి. బియ్యం ఇంకా పడలేదు. నేను ఆ పళ్ళెం, డబ్బాల పెట్టెలు పక్కకు పెట్టించాను.

"ఏం కాదు సార్, గంట సేపు ఉడుకుతది. ఏ పురుగైనా సచ్చిపోతది," అన్నాడు మేస్త్రీ.

పురుగు చచ్చినా అది అంతకుముందు వదిలిన విషం అన్నిసార్లూ పోదని చెప్పాను. "ఇది నీ ఇంట్ల వాళ్ళకు పెడతవా?" అని అడిగాను. అతను తన అంగీని ఒకసారి వాసన చూసుకుని, "బఠానీ లేకుంటనే బగారా చేస్త," అన్నాడు.

అక్కడితో నా పని సగం అయినట్టే. తినే జనానికి సంబంధించిన సగం అది. కానీ పెట్టెలు పక్కకు తీయడం అందరూ చూశారు. ఆ పెట్టెలు ఎవరిచ్చారో అంతకుముందే మైకులో విన్నారు. నేను రుమాలుతో చేతులు తుడుచుకునేలోపే మాట పొయ్యిల దగ్గర నుంచి డివైడర్ దాకా, అక్కడి నుంచి అవతలి రోడ్డుకు పాకింది. డబ్బాలు ఉబ్బినయి అన్న మాట కుళ్ళినయి అయి, కుళ్ళినయి అన్నది విషం అయి నా దగ్గరికి తిరిగి వచ్చింది.

ముందుకు వచ్చిన వాళ్ళలో గట్టిగా మాట్లాడింది సైదులు. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి కొత్తపేటలో కిరాయికుండే ఆటో డ్రైవర్, యువజన విభాగంలో ముఖ్యుడు. ఎడమచేతి నిండా ఉద్యమం గులాబీ రంగు పూసి ఉంది. ఎప్పుడూ అతని పక్కనే ఉండే వెస్లీ, కంప్యూటర్ రిపేర్ పని చేసే కుర్రాడు, ఆదివారం చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాతోనే వచ్చాడు.

"సార్, ఒక్క మాట జెప్పుండ్రి. విషం పెట్టిండా లేదా ఆంధ్రోడు?" అన్నాడు సైదులు.

"డబ్బా ఉబ్బింది. అంతవరకే నాకు తెలుసు," అన్నాను.

"ఉబ్బినందుకేనా గింత పరేషానీ? మా మేస్త్రీ కడుపు సుత ఉబ్బే ఉన్నది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. సైదులు నవ్వలేదు.

"సార్, మీరు మనోళ్ళేనా, వాళ్ళోళ్ళా?"

"మాది మిర్యాలగూడ దిక్కు."

"మరి గట్ల జెప్తరేంది?"

యాదగిరి సార్ నన్ను పక్కకు పిలిచారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఎల్బీనగర్ వైపు పోవడానికి పాతిక మంది దాకా తయారవుతున్నారని, దుకాణం పక్క వీధిలోనే రత్నంగారి ఇల్లని, పేరు మైకులో చదివింది తానేనని అన్నారు. "జర మీరే మాట్లాడుండ్రి సార్. డబ్బాలు బాగనే ఉన్నయని జెప్తే సల్లవడతరు."

అది చెప్పలేను. డబ్బాలు బాగాలేవు. నేను బాగున్నాయంటే వాటిని మళ్ళీ పొయ్యి మీదకు ఎక్కిస్తారు. విషమని చెబితే దుకాణం కాలుతుంది. అసలు సంగతి నాకే తెలియదు. ఏ క్రిమి పెరిగిందో, ఫ్యాక్టరీలో సరిగా ఉడకలేదో, సీలు వదులైందో ప్రయోగశాలలో వెచ్చని పెట్టెలో రోజుల తరబడి ఉంచి చూస్తే గానీ తేలదు.

దానికి తోడు చట్టంలో ఒక చిక్కు. పాత కల్తీ నిరోధక చట్టం అమలులో ఉన్న చివరి నెలలవి. అది అమ్మకం మీద నిలబడిన చట్టం. అమ్మేవాడి దగ్గర ధర చెల్లించి నమూనా కొనాలి, ఎందుకు కొంటున్నామో అతనికి నోటీసు ఇవ్వాలి, సాక్షుల ఎదుట మూడు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి ప్రయోగశాలలో పరీక్షించే పబ్లిక్ అనలిస్టుకు, రెండు ఆరోగ్యాధికారి దగ్గర భద్రంగా. రోడ్డు మీద దానం చేసిన సరుకుకు అమ్మేవాడు లేడు. పైగా పొద్దుట నుంచీ ఎండలో ఉన్న డబ్బాలు. ఎండకే ఉబ్బాయని ఏ వకీలైనా అంటాడు. కేసు కావాలంటే దుకాణంలో, అదే సరుకు, కొనాలి. అంటే ఆ పాతిక మంది పోదామంటున్న చోటికే నేనూ పోవాలి.

సాక్షుల సంగతి చెప్పాలి. వాళ్ళను మేము పంచులు అంటాం. ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని పంచులను దొరకబుచ్చుకోవడం. పక్క దుకాణం వాడు సంతకం పెట్టడు, రేపు మొహం చూసుకోవాలి కాబట్టి. దారిన పోయేవాడు పెట్టడు, కోర్టు చుట్టూ తిరగాలి కాబట్టి. చివరికి మా ఆఫీసు అటెండరే పంచు అవుతాడు, వకీలు అదే పట్టుకుని కేసు కొట్టేయిస్తాడు. ఆ రోజు మాత్రం నా ఎదుట పాతిక మంది నిలబడి ఉన్నారు, సాక్ష్యం చెప్పడానికి అందరికీ ఉబలాటమే.

మైకు తీసుకుని నాకు తెలిసింది, తెలియనిది విడివిడిగా చెప్పాను. డబ్బాలు ఉబ్బాయి, వాటిని ఎవరూ తినకూడదు. ఎందుకు ఉబ్బాయో తెలియదు. ఎవరు చేశారో తెలియదు. తెలుసుకోవడానికి ఇప్పుడే దుకాణానికి పోయి నమూనా తీస్తాను. నాకు ఇద్దరు పంచులు కావాలి. చూసింది చూసినట్టు సంతకం పెట్టాలి, రేపు కోర్టుకు కూడా రావాలి. ఇద్దరి కంటే ఎక్కువ మంది వస్తే నమూనా చెల్లదు.

చివరి మాట చట్టంలో లేదు. కానీ గుంపు మధ్య తీసిన నమూనాను ఏ కోర్టు నమ్ముతుందో మీరే ఆలోచించండి.

"సంతకమా?" అన్నాడు సైదులు, కొంచెం వెనక్కి తగ్గి.

యాదగిరి సార్ మాస్టారి గొంతుతో అందుకున్నారు. "రాయి ఇసురుడు ఎవనికైనా వస్తది రా. కాయితం మీద పేరు రాసుడు వస్తదా నీకు?"

"ఎందుకు రాదు? పెడత!" అన్నాడు సైదులు. వెస్లీ అతని వెంటే వచ్చాడు.

రోడ్డు మూసి ఉండటంతో ముగ్గురం నడిచాం. చేతిలో నా పెట్టె: లక్క, దారం, మందపాటి కాగితం, ఇత్తడి సీలు. దారిలో వెస్లీ డబ్బా ఎలా నొక్కి చూడాలో అడిగి తెలుసుకున్నాడు.

రత్నంగారి దుకాణం షట్టరు సగం దించి ఉంది. ఫోన్లో ఎవరో ముందే చెప్పినట్టున్నారు. లోపల కౌంటర్ వెనక ఆయన కుర్చీలో కాక నేల మీద కూర్చుని ఉన్నారు. సైదులు చేతికున్న గులాబీ రంగు చూసి లేచి నిలబడ్డారు.

"బాబూ, నేనే తింటాను కావాలంటే. ఇక్కడే, మీ ముందే తింటాను. నేనెందుకు చేస్తానండీ అలాంటి పని? నా పిల్లలు మీ మధ్యే చదువుకుంటున్నారు."

"తినొద్దు," అన్నాను. "మీరు తింటే నమూనా తగ్గిపోతుంది." అది వేళాకోళంగా అనలేదు గానీ వెస్లీ నవ్వాపుకోలేకపోయాడు.

నోటీసు ఇచ్చి, సరుకు చూపించమన్నాను. బఠానీ డబ్బాలు రెండు వరుసల్లో ఉన్నాయి. ఒకే కంపెనీ పేరు, ఒకే బొమ్మ. ఒక వరుస లేబుళ్ళ మీద ఏడాది కిందటి తయారీ నెల అచ్చయి ఉంది. రెండో వరుస మీద మొన్న ఏప్రిల్. ఉద్యమానికి ఇచ్చిన ఆరు పెట్టెలూ రెండో వరుసలోవి.

"మంచి పనికి ఇస్తున్నాం కదా అని కొత్త సరుకే ఏరి పంపానండీ," అన్నారు రత్నంగారు. "పాతది మాకు అమ్ముకోవడానికి అట్టేపెట్టాను."

వెస్లీ రెండు వరుసలూ ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. పాత వరుసలో మూతలన్నీ లోపలికి గుంటపడే ఉన్నాయి, ఒక్కటి కూడా టక్కుమనలేదు. కొత్త వరుసలో ప్రతి మూడింటిలో ఒకటి టక్కుమంది. రెండు అసలు దిగలేదు.

"గిదెట్ల సార్?" అన్నాడు. "కొత్తయి ఖరాబై పాతయి మంచిగుంటయా?"

నాకూ అదే ప్రశ్న. డబ్బా సరుకులో తారీఖు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కాగితం లేబుల్ మీద అచ్చు. రెండోది మూత రేకు మీదే గుద్దిన అక్షరాలు, తయారైన రోజు, బ్యాచ్ తెలిసేలా. కొనేవాళ్ళు కాగితం చూస్తారు. ఫ్యాక్టరీ వాళ్ళు, మేము మూత చూస్తాం. రెండు వరుసల్లోంచీ ఒక్కో డబ్బా తీసి సైదులు చేతిలో పెట్టి మూత మీద అక్షరాలు చదవమన్నాను. వెలుతురు కోసం అతను షట్టరు దగ్గరికి పోయాడు. పాత వరుసలో కాగితం, మూత ఒకే మాట చెప్పాయి. కొత్త వరుసలో కాగితం మొన్న ఏప్రిల్ అంటుంటే, మూత మూడున్నరేళ్ళ కిందటి సంగతి చెప్పింది. లేబుల్ అంచు గోటితో లేపితే కింద ఇంకో గమ్ము పొర గీతలు గీతలుగా కనిపించింది.

సైదులు ఆ గీతల మీద వేలు రాశాడు. "పాత చీటి పీకి కొత్త చీటి అంటించిండ్రు."

"అవును."

అతను రత్నంగారి వైపు తిరిగాడు. "నువ్వు అంటించినవా?"

"నేనే అంటించి ఉంటే, నా చేతులతో ఏరి మీకెందుకు పంపుతానయ్యా? పాత తారీఖు చీటీలున్న మంచి డబ్బాలే పంపేవాణ్ణి కదా."

సైదులు డబ్బాను కౌంటర్ మీద పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, ఏం చేయాలో చెప్పమన్నాడు.

ధర చెల్లించి రసీదు తీసుకున్నాను. ఒకే బ్యాచ్ డబ్బాలను మూడు భాగాలు చేశాను. ఒక్కో డబ్బాను కాగితంలో చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేశాను. రత్నంగారు సంతకం చేశారు, వెస్లీ చేశాడు. సైదులు పెన్ను పట్టుకుని పంచనామా అంతా ఒకసారి చదివించుకున్నాడు. "ఆంధ్ర వ్యాపారి అని రాయలేదేంది?" అని అడిగాడు. వ్యాపారి అని రాసే గడి ఉందని, ఏ ప్రాంతం అన్న గడి లేదని చెప్పాను. పెట్టాడు.

అప్పుడే బయట కేకలు వినిపించాయి. కొత్తపేట నుంచి మిగతా వాళ్ళు ఆగలేక వచ్చేశారు. షట్టరు మీద ఏదో బలంగా పడింది. రత్నంగారు కౌంటర్ వెనక్కి పోయారు. నేను పెట్టె మూసుకుని నిలబడ్డాను. ఇలాంటప్పుడు ఏం చేయాలో నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

సైదులు షట్టరు కింద నుంచి వంగి బయటికి పోయాడు.

"ఎవడ్రా ఇసిరింది? నేను పంచును! సంతకం పెట్టిన! లోపల సరుకంత సీజు, సాక్ష్యం. ఒక్క డబ్బా పగిలినా రేపు కోర్టుల నన్ను అడుగుతరు, నిన్ను గాదు!"

"ఏందన్నా, నువ్వు సుత వాని దిక్కేనా?"

"వాని దిక్కు గాదు, డబ్బా దిక్కు. ఈన్ని సుత మోసం చేసిండ్రు రా. చీటీలు మార్చి అమ్మినోడు వేరే ఉన్నడు. దుకాణం కాలితే వాడు పండుగ జేస్కుంటడు. పోండ్రి, పోయి బగారా తినుండ్రి!"

కాసేపు వాదన జరిగింది. ఇంకో రాయి పడలేదు. వెస్లీ బయటికి పోయి ఒక డబ్బా పట్టుకుని మూత అక్షరాలు ఒక్కొక్కరికీ చూపించడం మొదలుపెట్టాడు. అందరూ నొక్కి చూడాలనుకున్నారు. నమూనా కాని డబ్బా కాబట్టి ఊరుకున్నాను. ఆ సాయంత్రం దాకా ఇద్దరూ దుకాణం మెట్ల మీదే కూర్చున్నారు.

సోమవారం నమూనా ప్రయోగశాలకు పంపాను. రత్నంగారు తాను సరుకు కొన్న హోల్‌సేల్ వ్యాపారి పేరు రాసిచ్చారు, బిల్లు చూపించారు. చట్టం ప్రకారం అది చెప్పడం అమ్మేవాడి బాధ్యత, మూసిన డబ్బాను మూసినట్టే బిల్లు మీద కొన్నానని నిరూపించుకుంటే అది అతనికి రక్షణ కూడా. పోలీసులతో కర్మన్‌ఘాట్ లోపల ఉన్న ఆ వ్యాపారి గోదాముకు పోయాం. గడువు దాటిన డబ్బాలను నానబెట్టే సిమెంటు తొట్టి, గమ్ము డబ్బాలు, కట్టలు కట్టలుగా అచ్చయిన కొత్త లేబుళ్ళు దొరికాయి. అనలిస్టు కాకినాడ వైపు ఆవిడ. నివేదిక అడ్డంకులేవీ లేకుండా గడువులోపే వచ్చింది: సరుకు తినడానికి పనికిరాదు, లేబుల్ తప్పుడుది. ఆమె ఫోన్లో ఒక్కటే అడిగారు. "ఎవరూ తినలేదు కదండీ?" తినలేదన్నాను. "అయితే సరేనండి," అన్నారు.

కేసు చాలా ఏళ్ళు నడిచింది. మధ్యలో చట్టం మారింది, రాష్ట్రం మారింది, మా బోర్డులు మారాయి. రత్నంగారిని కోర్టు మొదట్లోనే వదిలేసింది. వెస్లీ ఉద్యోగం మీద పుణె పోయాడు. సైదులు ప్రతి వాయిదాకూ ఆటో బయట ఆపి, ఖాకీ చొక్కాతోనే వచ్చేవాడు. సాక్ష్యం రోజు గోదాము యజమాని వకీలు, నువ్వు ఆంధ్రా వాళ్ళ దుకాణాల మీదకు పోయిన గుంపులో మనిషివి కాదా అని అడిగాడు. "పోయిన. మూత సదివినంక ఆగిన," అన్నాడు. జడ్జిగారు మూత అంటే ఏమిటో వివరించమన్నారు. అతను ఒక ఖాళీ డబ్బా అడిగి తీసుకుని, కాగితం తేదీ ఎక్కడుంటుందో, రేకు తేదీ ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపించాడు. గోదాము యజమానికి శిక్ష పడింది. అతను అప్పీలుకు పోయాడు, అదీ నిలవలేదు.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆ గోదాము యజమాని ఏ ప్రాంతం వాడని అడుగుతారు. నాకు తెలుసు, చెప్పను. అది తెలిస్తే వినేవాళ్ళు ఇంకేమీ గుర్తుపెట్టుకోరని చాలాసార్లు చూశాను.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నవి పనికి సంబంధించినవే. సరుకు గురించి తెలిసింది చెప్పవచ్చు, మనిషి గురించి ఊహించింది చెప్పకూడదు. అడిగేవాడు ఎంత తొందరపెట్టినా ఆ రెంటినీ కలిపి ఒక్క మాటలో చెప్పకూడదు. ఇంకోటి పంచుల విషయం. అప్పటిదాకా నేను గొడవకు దూరంగా ఉండే, నెమ్మదైన మనుషుల కోసం వెతికేవాణ్ణి. వాళ్ళు సంతకం పెట్టేవారు, కోర్టుకు వచ్చేవారు కాదు. ఆ తర్వాత ఎక్కడ నమూనా తీసినా, అక్కడ అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్నవాణ్ణే ముందు అడిగాను. అలా వచ్చిన వాళ్ళలో చాలామంది వాయిదాలకు వచ్చారు.